వెల్డన్ నడిపించడం నేర్చుకున్న వేసవి

"అరచెయ్యి పైకి పెట్టి చాపితే, నేను నడిపిస్తాను రమ్మని. బోర్లా పెట్టి చాపితే, నువ్వే నన్ను నడిపించమని. అంతే. పాట హోరులో నోటిమాట ఎవడికి వినపడుతుంది గనక," అన్నాడు వెల్డన్, పొడి డబ్బా మూత తిప్పుతూ. "ఇప్పటి కుర్రాళ్ళు నోటితోనే అడిగేస్తున్నారు. 'మీరు నడిపిస్తారా, నడుస్తారా' అని. ఆసుపత్రిలో కాగితం నింపిస్తున్నట్టు."

"అడిగితే తప్పేముంది?" అంది ట్రూడీ.

"తప్పని ఎవరన్నారు? మాకంత ధైర్యం లేదంటున్నా. ఒక మగాడు ఇంకో మగాడి మొహంలోకి చూసి నన్ను నడిపించు అనడానికి అప్పట్లో నాలుక తిరిగేది కాదు. చెయ్యయితే అనేస్తుంది. మనం మొహం అటు తిప్పుకుని, గోడకి తగిలించిన ఎద్దు కొమ్ములు చూస్తూ నిలబడొచ్చు."

ఆదివారం, రెండు దాటింది. శాన్ ఆంటోనియోలో ఆగస్టు ఎండకి బయట తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. రస్టీ గేట్ బారులో మాత్రం దీపాలు ఇంకా వెయ్యలేదు. చల్లగా, పాత బీరు వాసనతో, కుర్చీలన్నీ బల్లలెక్కి కూచుని ఉన్నాయి. మూడింటికి తలుపులు తీస్తారు. మగాళ్ళు మగాళ్ళతో, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో కంట్రీ పాటలకి టూస్టెప్ అనే జంట నాట్యం ఆడుకోవడానికి వస్తారు; ఒకరు ముందుకు నడిపిస్తారు, రెండోవాళ్ళు వెనక్కి నడుస్తారు. ఆలోపు చెక్కనేల మీద మైనం పొడి చల్లాలి. బూట్లు సాఫీగా జారాలంటే ఆ పొడి ఉండాలి. ఇరవయ్యారేళ్ళుగా ఆ పని వెల్డన్‌ది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి, ముత్యాల గుండీల చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా, డబ్బా ఊపుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

ట్రూడీ పాటలు వేసే గదికి ముందున్న మెట్టు మీద కూచుంది. వారం పొడుగునా బడి పిల్లల బస్సు నడుపుతుంది, ఆదివారం ఇక్కడ పాటలు నడుపుతుంది. వైర్లు కలపాల్సిన పని ఉన్నా కదలలేదు. ఈ ముసలాయన నోరు విప్పడమే అరుదు. విప్పినప్పుడు పక్కన మనిషి ఉండాలని ఆమె లెక్క.

"ఒమేరో ఏడీ?" అంది.

"ట్రక్కులో."

"ఈ ఎండలోనా?"

"ఏసీ వేసే ఉంచాను. రేడియోలో బేస్‌బాల్ వింటున్నాడు. లోపలికి మాత్రం రాడట." వెల్డన్ ఒక మూల దగ్గర ఆగి, పొడిని బూటు కొనతో సర్దాడు. "తొందరపెట్టను. నేను మొదటిసారి వచ్చినప్పుడు మూడు ఆదివారాలు అదే జాగాలో ట్రక్కు ఆపుకుని కూచున్నా. ఎవరూ నన్ను చెయ్యి పట్టుకుని లాగలేదు."

ఫిబ్రవరిలో ఒమేరోకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు. మాట నిలబడింది, అదృష్టం. కర్ర పట్టుకుని నడుస్తాడు, కాలు మాత్రం వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ నేలమీద వెల్డన్‌ని నడిపించినవాడు ఆరునెలలుగా ఈ గడప తొక్కలేదు. బార్లోవాళ్ళు కార్డులు పంపారు, కూర వండిన గిన్నెలు పంపారు. అన్నిటికీ ఒకటే జవాబు, "మెల్లిగా వస్తాలే." మొన్న మంగళవారం తన ఆట బూట్లు తుడిచి, చర్చివాళ్ళకి ఇచ్చే పాత బట్టలూ సూపుడబ్బాలూ ఉన్న పెట్టెలో వేశాడు.

"అది నా కళ్ళతో చూశా ట్రూడీ," అన్నాడు వెల్డన్. "అడుగున తోలు. మూడుసార్లు ఆ తోలు మార్పించుకున్న బూట్లు. వాటిని సూపుడబ్బాల పక్కన పడేశాడు."

"తీసేశావా?"

"తీసి మంచం కింద పెట్టా. ఇవాళ పొద్దున్న మాట్లాడకుండా తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టా. కాసేపు చూశాడు. తర్వాత కాలు చాపాడు. తొడిగా."

"అయితే ఆడతాడు."

"తొడుక్కున్నాడు, అంతే. ఆడతానని ఎప్పుడన్నాడు?"

అసలు వెల్డన్‌కి ఆట అబ్బిందే వింతగా. పడమటి టెక్సాస్‌లో, కనుచూపుమేర ఒక్క చెట్టు కనపడని చోట పుట్టాడు. తండ్రి పశువుల నీళ్ళ తొట్లకి గాలిమరలు బాగుచేసేవాడు. శనివారం సాయంత్రాలు పత్తిమిల్లు గోదాములో ఆటలుండేవి. ఆడపిల్లని పట్టుకుని ముందుకు నడిపించమంటే వెల్డన్ కాళ్ళు రెండూ ఒకదాన్నొకటి తొక్కుకునేవి. రెండు పాటలకే పిల్లలు దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవారు. వాళ్ళ పిన్ని వెర్నా మొగుడు చమురుబావుల దగ్గర పనిచేస్తూ నెలల తరబడి వచ్చేవాడు కాదు. జత దొరక్క ఆవిడే మగవాడి అడుగులు నేర్చుకుంది. ఒకరోజు వంటింట్లో రేడియో పెట్టి, పిండి చేతులతోనే అక్క కొడుకుని లాక్కుని నాలుగు చుట్లు తిప్పి, "నీకు వెనక్కి నడవడం వచ్చురా" అంది. ఇంకేమీ అనలేదు. ఏ ఉద్దేశంతో అందో, ఏమీ లేకుండా అందో, ఆవిడ పోయేదాకా వెల్డన్ అడగలేదు. ఆ వంటింట్లో కళ్ళు మూసుకుని వెనక్కి జారిపోతుంటే ఒళ్ళు తేలికైపోయిన సంగతి మాత్రం గుర్తుంచుకున్నాడు.

ముప్పై మూడేళ్ళకి నీళ్ళ పంపులు బిగించే పని మీద శాన్ ఆంటోనియో వచ్చాడు. నాలుగో ఆదివారం ఈ బారు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"ఏం చూశాననుకున్నావ్? మా ఊళ్ళో పశువుల సంతకొచ్చే మనుషులే. అవే టోపీలు, అవే మీసాలు, గీత గీసినట్టు ఇస్త్రీ చేసిన జీన్స్. ఒకడి భుజంమీద ఒకడు చెయ్యేసుకుని, అందరూ ఎడంచేతి వైపుకే తిరుగుతున్నారు. రెండడుగులు గబగబా, రెండడుగులు నిదానంగా. నాకు తెలిసిన పాటలే. ముప్పై మూడేళ్ళు ఆ పాటలన్నీ నావి కావనుకున్నా." డబ్బా ఊపడం ఆపాడు. "టోపీ కళ్ళమీదికి లాక్కుని, ఆడే నేల చుట్టూ ఉన్న కటకటాల దగ్గర నిలబడ్డా. ఎవడో ఎదురుగా వచ్చి ఆగాడు. బూట్లు తప్ప నేనేం చూడలా. చెయ్యి బోర్లా పెట్టి చాపా. వణుకుతోంది. ఆ చేతికింద ఒక చెయ్యి వచ్చి చేరింది. అంతే, వెనక్కి నడవడం మొదలెట్టా."

"ఇప్పటిదాకా ఆపలేదు," అంది ట్రూడీ.

"ఫిబ్రవరిదాకా."

ఆ చెయ్యి ఒమేరో కాంతూది, నేలపలకలు పరిచే పనివాడు. దక్షిణాన సరిహద్దు దగ్గరి లోయ ప్రాంతంనుంచి వచ్చాడు. మోకాళ్ళ మీద బతికినవాడికి నిలబడితే ఆడాలనిపించేదట. ఇద్దరూ కలిసి ఇల్లు తీసుకున్నప్పుడు ఒమేరో తల్లి వెల్డన్‌ని పదకొండేళ్ళు 'అద్దెకున్నాయన' అనే పిలిచింది. పన్నెండో ఏట పండక్కి తమాలెలనే మొక్కజొన్న పిండివంటలు పంపుతూ ఒక పొట్లం మీద అతని పేరు రాసింది. ఆ ఏడు వెల్డన్ వాటిని ఎవరికీ పెట్టలేదు.

తర్వాత ఎయిడ్స్ జబ్బు కాలం వచ్చింది. దాని గురించి వెల్డన్ ఎక్కువ మాట్లాడడు. ఆడే నేలమీద బయటి వరస చురుకైనవాళ్ళది, లోపలి వరస నిదానంగా ఆడేవాళ్ళది. ఆ రోజుల్లో చిక్కిపోయినవాళ్ళు లోపలి వరసలోకి జరిగేవారు. మిగతావాళ్ళు వాళ్ళకి తగలకుండా దూరంగా తిరిగేవాళ్ళు. ఒమేరో ప్రతి ఆదివారం మొదటి గంట లోపలి వరసలోనే ఉండేవాడు. ఒకణ్ణి కూచోబెట్టి ఇంకొకణ్ణి లేపేవాడు. ఎముకల గూడులా ఉన్న మనిషి వీపుమీద చెయ్యి ఎలా ఆనించాలో అతనికే తెలుసు. వెల్డన్ అతని టోపీ పట్టుకుని కటకటాల దగ్గర నిలబడేవాడు. ఒక ఏడు చివరికి లోపలి వరసలో జనం నిండిపోయి, బయటి వరస పల్చబడింది. ఆ తర్వాత లోపలి వరసా పల్చబడింది.

"అందుకే రానంటున్నాడు," అన్నాడు వెల్డన్. "నాకు చాలారోజులు తెలీలేదు. కాలు ఈడ్చుకుంటున్నానని సిగ్గనుకున్నా. మంగళవారం బూట్ల మీద గొడవపడ్డప్పుడు బయటపడింది. 'నన్ను లోపలి వరసలో పెట్టి తిప్పుతార్రా మీరంతా, నేను ఎంతమందిని తిప్పలేదు అట్లా' అన్నాడు."

ట్రూడీ ఈ బారుకొచ్చింది ఆ రోజుల చివర్లోనే.

"అప్పుడు చెప్పేశా. మే నెలనుంచీ గురువారాలు నేను పోయేది పంపుల పనికి కాదు, ట్రూడీ వాళ్ళ కారుషెడ్డులో నడిపించడం నేర్చుకుంటున్నానని. బయటి వరసలోనే తిప్పుతానని. నవ్వాడు. ఫిబ్రవరి తర్వాత అదే మొదటిసారి. పొట్ట పట్టుకుని నవ్వాడు. 'నువ్వా? నువ్వు గుమ్మం కూడా వెనక్కి నడిచే దాటుతావు' అన్నాడు."

"అబద్ధమేం కాదుగా."

"కాదు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, అప్పుడు చెప్పాడు." వెల్డన్ డబ్బా కటకటాల మీద పెట్టాడు. అది చెప్పడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలన్నట్టు. "మొదటి రోజు వాడి చెయ్యి కూడా బోర్లానే ఉందట."

"ఏంటి?"

"నేను టోపీ దించుకుని ఉన్నాగా, చూళ్ళేదు. వాళ్ళింట్లో ఐదుగురు అక్కచెల్లెళ్ళు. ఆడపిల్లలకి ఘనంగా చేసే పదిహేనో పుట్టినరోజు పండగల్లో అందర్నీ, వాళ్ళ స్నేహితురాళ్ళనీ నడిపించీ నడిపించీ ప్రాణం విసిగి ఉన్నాడట. ఈ ఊళ్ళోనన్నా ఎవడో ఒకడు నన్ను తిప్పుతాడు, కళ్ళు మూసుకుందాం అనుకుని వచ్చాడు. నా ముందుకొచ్చి చెయ్యి బోర్లా చాపాడు. నాదీ బోర్లానే. నా చెయ్యి వణకడం చూశాడు. ఇప్పుడు నేను తిప్పకపోతే వీడు వెళ్ళి ట్రక్కెక్కి మళ్ళీ రాడు అనుకుని, తన చెయ్యి తిప్పాడు."

ట్రూడీ మెట్టుమీద నుంచి లేచింది, మళ్ళీ కూచుంది.

"ముప్పై ఎనిమిదేళ్ళు చెప్పలేదా?"

"అదే అడిగా. ముప్పై ఎనిమిదేళ్ళు నోరు మూసుకుని ఎలా ఉన్నావురా అని. 'నువ్వెప్పుడడిగావు' అన్నాడు."

ఆ మాట వెల్డన్‌కి మంగళవారం నుంచి అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది. నిజమే, అడగలేదు. ఒమేరోకి కాఫీలో ఎన్ని చెంచాల చక్కెరో తెలుసు, ఏ మోకాలు వానకి ముందు నొప్పెడుతుందో తెలుసు. ఇది తెలీదు. మొదటి రోజు వెనక్కి నడవడం మొదలెట్టినవాడు, ఎదుటివాడికి ముందుకు నడవడమే ఇష్టం కాబోలనుకుని హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

వెనక తలుపు గీరుకుంటూ తెరుచుకుంది. ముందు ఎండ వచ్చింది, ఆ వెనక కర్ర, ఆ వెనక ఒమేరో.

"మనవాళ్ళు ఓడిపోయారు," అన్నాడు. "ఆ రేడియో ఇంక వినలేను. అందుకే వచ్చా. వేరే ఏం లేదు."

"ఎవరూ ఏం అనలేదే," అంది ట్రూడీ.

"అనబోతున్నావు. నీ మొహం చూస్తే తెలుస్తోంది. దించు ఆ కుర్చీ ఒకటి."

ఆమె బల్లమీంచి కుర్చీ దించి కటకటాల పక్కన వేసింది. ఒమేరో కూచుని, కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత నేలవైపు చూశాడు. వెల్డన్ చూడనట్టు చూస్తున్నాడు.

"కానివ్వండి మరి. నాలుగు నెలల చదువు ఎంతవరకొచ్చిందో చూపించు, వియెహో."

ఒమేరో నోట ముసలోడా అనే ఆ మాటకి ముద్దెక్కువ, వెక్కిరింపు తక్కువ. ఇవాళ రెండూ సమానంగా ఉన్నాయి.

ట్రూడీ గదిలోకెళ్ళి ఒక పాట పెట్టి వచ్చింది. వెల్డన్ ఎడంచేత్తో ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు, కుడిచెయ్యి ఆమె వీపుమీద ఆనించాడు. కారుషెడ్డులో వందసార్లు చేసిందే. పాట అందుకోగానే ఆమె కుడికాలు వెనక్కి వేసింది. వెల్డన్ కూడా కుడికాలే, వెనక్కే వేశాడు. ఇద్దరి చేతులూ తాడులా సాగి, ఇద్దరూ చెరోవైపు ఆగిపోయారు.

"ఎక్కడికి పారిపోతున్నారు ఇద్దరూ?" అన్నాడు ఒమేరో. "పోలీసులేమన్నా వచ్చారా?"

"అలవాటు," అన్నాడు వెల్డన్, చెవులు ఎర్రబడి.

"ఎడంకాలు. ముందుకి. నీకున్న రెండిట్లో అది ఒకటి."

రెండోసారి ఎడంకాలే పడింది. గబగబా, గబగబా, నిదానం, నిదానం. నాలుగడుగులు, ఎనిమిది, మొదటి మలుపు. వెల్డన్ గడ్డం గుండెకి ఆనించి, తన బూట్లు ఎక్కడికన్నా పోతాయేమోనన్నట్టు చూసుకుంటూ నడుస్తున్నాడు.

"కాళ్ళు చూడకు," అని అరిచాడు ఒమేరో. "ఆవిడ వెనక్కి నడుస్తోంది. వెనకాల స్తంభముందో, తాగినవాడున్నాడో ఆవిడకేం తెలుసు? నువ్వు చూడాలి. నడిపించడమంటే అంతే. చేతులూ కాళ్ళూ తర్వాత. ముందు ఎదుటిమనిషికి కనపడనిది నువ్వు చూడాలి."

వెల్డన్ తలెత్తాడు. ట్రూడీ భుజంమీదుగా నేలంతా కనపడింది. స్తంభం, మలుపు, కటకటాలు, నీళ్ళు కారిన మచ్చ. ఇన్నేళ్ళు పొడి చల్లిన నేలే, ఆడుతూ ఎప్పుడూ చూసి ఎరగడు. ఆడేటప్పుడు తను కళ్ళు మూసుకునేవాడు. అంటే అన్నేళ్ళూ, అన్ని ఆదివారాలూ, ఒమేరో ఒక్కసారి కూడా మూసుకోలేదన్నమాట. ఆ ఆలోచన వచ్చినందుకు అడుగు తప్పాలి. తప్పలేదు. రెండో మలుపు తిరిగారు, మూడోది తిరిగారు, పాట అయిపోయింది.

ఒమేరో కుర్చీలోంచి ముందుకు వంగి, కుడి బూటుని నేలమీద వెనక్కి లాగి చూశాడు. అది ఈడ్చుకుంటూ పోలేదు, జారింది. ఇంకోసారి లాగాడు. మళ్ళీ జారింది.

"పొడి ఎక్కువ పోశావు," అన్నాడు.

"బయటి వరసలో మాత్రమే," అన్నాడు వెల్డన్. "ముందుకేస్తే ఆ కాలు నేలకి తన్నుకుంటుంది. వెనక్కయితే ఎత్తక్కర్లేదు. జారితే చాలు. నీ ఎడంచెయ్యి బాగానే ఉంది, అది నా భుజంమీద ఉంటుంది. కుడిది నేను పట్టుకుంటా, దానికేం పని లేదు. వెనక్కి నడిచేవాడికి పనిచేసే కుడిచెయ్యి అవసరం లేదు ఒమేరో. నేను చూశా. నాలుగు నెలలు లెక్కేసి చూశా."

అది వెల్డన్ జీవితంలో ఒక్క ఊపున మాట్లాడిన అతి పొడుగు మాట కావచ్చు. మాట్లాడాక ఎటు చూడాలో తెలీక స్తంభంవైపు చూశాడు.

"పడేస్తావు నన్ను," అన్నాడు ఒమేరో.

"పడేస్తే నీమీదే పడతా. మెత్తగా ఉంటావు."

"అందరిముందూ."

"అందరూ మూడింటికి వస్తారు. ఇంకా పావుగంటుంది."

ఒమేరో గడియారంవైపు చూశాడు, తలుపువైపు చూశాడు. బయట అప్పుడే ఒకటి రెండు కారు తలుపులు మూసుకున్న చప్పుడైంది. ముందొచ్చినవాళ్ళు నీడలో నిలబడి నవ్వుకుంటున్నారు. కర్ర కటకటాలకి తగిలించి, ఎడంచెయ్యి కుర్చీమీద ఆనించి లేవడం మొదలెట్టాడు. వెల్డన్ సాయానికి పోబోయి ఆగాడు. లేవనిచ్చాడు. ఆ లేవడానికి పాటలో సగమంత సేపు పట్టింది.

వెల్డన్ ట్రూడీ మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. గొంతు బాగా తగ్గించాడు.

"ఇదిగో చూడు తల్లీ. మూడు పాటలు వరసగా వెయ్యి. మధ్యలో ఖాళీ వద్దు, ఒకటి పూర్తవకముందే రెండోది అందుకోవాలి. చప్పుడు ఆగిందంటే కూచుంటాడు, కూచున్నాడంటే లేవడు. నిదానం పాట వెయ్యకు. నిదానంగా ఉంటే ఒక్క కాలిమీద ఎక్కువసేపు నిలబడాలి, అదీ కాక తనకోసమే వేశావని పట్టేస్తాడు. మామూలు నడకలో ఉన్నది వెయ్యి. మైకులో మా పేర్లెత్తావంటే నీతో మాట్లాడను. ఆ బయటివాళ్ళు లోపలికొస్తే, వాళ్ళ చెవిలో వెయ్యి, మామూలుగా వచ్చి మామూలుగా ఆడమను, ఎవరూ చప్పట్లు కొట్టొద్దు. వెళ్ళు, వెళ్ళు, సగం దూరం వచ్చేశాడు."